నమూనా రైలు పెట్టెల రంగులు, డెకాల్స్

నమూనా రైలు పెట్టెల రంగులు, డెకాల్స్ అనగా అసలు రైలు పెట్టెలను నిర్దిష్ట నిష్పత్తిలో తగ్గించి చేసిన నమూనాలకు తగిన రంగులు వేయడం, వాటిపై ఉండే అక్షరాలు, అంకెలు, చారలు, చిహ్నాలను పలుచని పొరలపై ముద్రించి అంటించడం. ఇది నమూనా రైళ్ళ అభిరుచిలో ఒక ముఖ్యమైన శాఖ. భారతీయ రైల్వేల పెట్టెలకు దుకాణాలలో సిద్ధంగా దొరికే డెకాల్స్ తక్కువ. అందువలన ఇక్కడి అభిరుచిదారులు వాటిని చాలా వరకు స్వయంగా తయారు చేసుకోవలసి ఉంటుంది. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల మీదుగా వెళ్ళే మెట్రో రైలు ఈ పనికి ఒక అనుకూలమైన ఉదాహరణ. దాని కారణాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పదజాలం

తెలుగు వాడుకలో "బోగీ" అంటే రైలు పెట్టె అనే అర్థం స్థిరపడింది. రైల్వే సాంకేతిక పరిభాషలో మాత్రం బోగీ అంటే పెట్టె కింద చక్రాలను మోసే చట్రం. నమూనాలకు రంగులు వేసేటప్పుడు రెండింటికీ వేర్వేరు రంగులు అవసరం కనుక ఈ వ్యాసంలో పైభాగాన్ని "పెట్టె" అని, చక్రాల భాగాన్ని "చక్రాల చట్రం" అని పేర్కొంటున్నాము.

డెకాల్ అనే మాట ఫ్రెంచి భాషలోని "డెకాల్కోమనీ" నుండి వచ్చింది. ఒక కాగితంపై ముద్రించిన బొమ్మను మరొక ఉపరితలం పైకి మార్చడం దీని అర్థం. పింగాణీ పాత్రలపై బొమ్మలు వేయడానికి కూడా ఇదే పద్ధతి వాడతారు. ఒక రైల్వే సంస్థ లేదా ఒక రైలు తన పెట్టెలకు నిర్ణయించుకున్న రంగుల అమరికను ఆంగ్లంలో "లివరీ" అంటారు.

స్కేలు, గేజి

నమూనా రైళ్ళలో ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా వాడే స్కేలు హెచ్ఓ. ఇందులో అసలు వస్తువు సుమారు 87వ వంతుకు తగ్గుతుంది. దీని పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. దీనికంటే చిన్నదైన ఎన్ స్కేలులో నిష్పత్తి సాధారణంగా 1:160, పట్టాల మధ్య దూరం 9 మి.మీ.

హెచ్ఓ పట్టాల కొలత 1435 మి.మీ. ప్రామాణిక గేజిని ఆధారంగా చేసుకొని నిర్ణయించినది. భారతదేశంలో ప్రధాన రైలు మార్గాలు 1676 మి.మీ. బ్రాడ్‌గేజివి. దీనిని 87వ వంతుకు తగ్గిస్తే 19.2 మి.మీ. వస్తుంది. కనుక బ్రాడ్‌గేజి పెట్టెను హెచ్ఓ పట్టాలపై నిలబెట్టినప్పుడు చక్రాలు ఉండవలసిన దానికంటే దాదాపు 2.7 మి.మీ. దగ్గరగా ఉంటాయి. చాలామంది ఈ తేడాను అంగీకరించి ముందుకు సాగుతారు. హైదరాబాదు మెట్రో మాత్రం ప్రామాణిక గేజిపై నడుస్తుంది. అందువలన ఎల్బీనగర్ మార్గంలోని రైలును హెచ్ఓ పట్టాలపై ఏ రాజీ లేకుండా చూపవచ్చు.

కొన్ని కొలతలు:

* ఐసీఎఫ్ పెట్టె: అసలు పొడవు 21.34 మీటర్లు, హెచ్ఓ స్కేలులో 245 మి.మీ.
* ఎల్‌హెచ్‌బీ పెట్టె: అసలు పొడవు 23.54 మీటర్లు; హెచ్ఓ స్కేలులో 270 మి.మీ.
* ఐసీఎఫ్ పెట్టె వెడల్పు: 3.245 మీటర్లు, హెచ్ఓ స్కేలులో 37 మి.మీ.

భారతీయ రైలు పెట్టెల రంగులు

నమూనాకు రంగు వేసే ముందు ఏ కాలపు పెట్టెను చూపుతున్నామో నిర్ణయించుకోవాలి. భారతీయ రైల్వేలలో రంగులు పలుమార్లు మారాయి.

* ముదురు ఎరుపు: మద్రాసు సమీపంలోని పెరంబూరులో 1955లో ప్రారంభమైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) పెట్టెలు అనేక దశాబ్దాల పాటు ఈ రంగులోనే కనిపించాయి. పాత తెలుగు చలనచిత్రాలలో కనబడే రైళ్ళు ఎక్కువగా ఇవే.
* నీలం: 1990లలో వ్యాప్తిలోకి వచ్చిన ముదురు, లేత నీలాల కలయిక. వాక్యూమ్ బ్రేకుల పెట్టెల నుండి గాలి బ్రేకుల పెట్టెలను వేరుగా గుర్తించడానికి ఈ రంగు ఉపయోగపడింది.
* ఆకుపచ్చ: 2006లో మొదలైన గరీబ్ రథ్ రైళ్ళది.
* బహువర్ణ చిత్రాలు: 2009లో మొదలైన దురంతో రైళ్ళ పెట్టెలపై పసుపు, ఆకుపచ్చలు ప్రధానంగా గల బొమ్మలు ఉండేవి.
* ఎరుపు, బూడిద రంగులు: రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎల్‌హెచ్‌బీ పెట్టెలతో ప్రసిద్ధి పొంది, తరువాత ఇతర ఎక్స్‌ప్రెస్ రైళ్ళ ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు కూడా వ్యాపించింది.
* లేత గోధుమ, ముదురు గోధుమ: 2018లో నీలం పెట్టెల స్థానంలో ప్రవేశపెట్టిన అమరిక.
* తెలుపు, నీలం: 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన వందే భారత్ ఎక్స్‌ప్రెస్. సికింద్రాబాదు - విశాఖపట్నం వందే భారత్ 2023 జనవరి 15న ఇదే రంగులతో మొదలైంది. 2023 సెప్టెంబరు నుండి కాషాయం, బూడిద రంగుల రైళ్ళు కూడా వచ్చాయి.

ఐసీఎఫ్ నమూనా పెట్టెల ఉత్పత్తి 2018 జనవరిలో నిలిచిపోయింది. తయారీ ఆగిపోయిన పెట్టెలు క్రమంగా తుక్కుగా మారుతున్నాయి. ముదురు ఎరుపు అసలు ఏ ఛాయలో ఉండేదో పాత ఫొటోల వలన కచ్చితంగా తెలియదు. ఫిల్ము వయసు, ఎండ, ముద్రణ అన్నీ రంగును మారుస్తాయి. భారత ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఐఎస్ 5 అనే రంగుల ప్రమాణ పత్రంలో ఛాయలకు సంఖ్యలు ఉంటాయి. ఫొటోను చూసి ఊహించడం కంటే ఆ నమూనా చీటీలతో పోల్చుకోవడం మేలు. చిన్న వస్తువుపై అదే రంగు మరింత ముదురుగా కనిపిస్తుంది కనుక కొద్దిగా తెలుపు కలిపి వాడటం ఆనవాయితీ.

పెట్టెలపై రాతలు

రంగు ఎంత బాగా కుదిరినా, రాతలు తప్పుగా ఉంటే నమూనా నమ్మశక్యంగా ఉండదు. ప్రయాణికుల పెట్టెపై సాధారణంగా ఉండేవి: యజమాని రైల్వే మండలం సంకేతం, పెట్టె సంఖ్య, పెట్టె రకం సంకేతం, తరగతి పేరు, కూర్చునే లేదా పడుకునే స్థానాల సంఖ్య, చివరిసారి వర్క్‌షాపులో మరమ్మతు జరిగిన తేదీ, మళ్ళీ రావలసిన తేదీ. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. కనుక అంతకు ముందు కాలాన్ని చూపే నమూనాపై ఆ మండలం సంకేతం ఉండరాదు. ఈ మండలంలో పెట్టెల మరమ్మతు జరిగే ప్రధాన కేంద్రాలలో సికింద్రాబాదులోని లాలాగూడ వర్క్‌షాపు ఒకటి.

ఐదంకెల సంఖ్యలు వాడిన కాలంలో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని, చివరి మూడు అంకెలు పెట్టె తరగతిని సూచించేవి. ఉదాహరణకు:

* 98217: 1998లో తయారైనది, 201 నుండి 400 వరకు గల సంఖ్యలు స్లీపరు తరగతివి.
* 05412: 2005లో తయారైనది, 401 నుండి 600 వరకు గల సంఖ్యలు సాధారణ రెండవ తరగతివి.
* 051 నుండి 100 వరకు రెండంచెల ఏసీ, 101 నుండి 150 వరకు మూడంచెల ఏసీ పెట్టెలు.

దీనిని బట్టి 98217 అనే సంఖ్యను ఏసీ పెట్టెపై రాయడం పొరపాటు. అలాగే ఎల్‌హెచ్‌బీ పెట్టెలు ఈ దేశానికి 2000 ప్రాంతంలో వచ్చాయి కనుక, అటువంటి పెట్టెపై 85తో మొదలయ్యే సంఖ్య ఉండటానికి వీలు లేదు.

రంగు వేసే విధానం

1. పెట్టెను విడదీసి కిటికీ అద్దాలు, చక్రాల చట్రాలు తొలగించాలి. సబ్బు నీటితో కడిగి ఆరబెట్టాలి. చేతి జిడ్డు మిగిలితే రంగు పట్టదు.
2. పలుచగా ప్రైమరు పూయాలి. బూడిద రంగు ప్రైమరు గీతలను, గుంటలను బయటపెడుతుంది.
3. లేత రంగును ముందుగా, ముదురు రంగును తరువాత వేయాలి. నీలం పెట్టెకైతే మొదట లేత నీలం వేసి, అది ఆరాక ఆ పట్టీపై మాస్కింగ్ టేపు అంటించి ముదురు నీలం చిమ్మాలి.
4. టేపు అంచున మొదట కింది రంగునే మరొకసారి పలుచగా చిమ్మితే సందులు మూసుకుపోతాయి. తరువాత వేసే రంగు కిందికి పాకదు.
5. రంగు పూర్తిగా గట్టిపడక ముందే టేపును మెల్లగా వెనుకకు మడుస్తూ తీయాలి.
6. డెకాల్స్ వేయవలసిన చోట మెరిసే వార్నిషు పూయాలి. గరుకు ఉపరితలంపై అంటించిన డెకాల్ కింద గాలి చిక్కుకొని వెండిలా తెల్లగా మెరుస్తుంది.

ఎయిర్‌బ్రష్ ఉంటే పూత పలుచగా, సమానంగా వస్తుంది. లేనివారు వాహనాల గీతలు సరిచేయడానికి అమ్మే స్ప్రే డబ్బాలను వాడతారు. అయితే వాహనాల రంగులలోని థిన్నరు పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. కనుక ముందుగా పనికిరాని ముక్కపై పరీక్షించి చూడాలి.

ఇంట్లో డెకాల్స్ తయారీ

నీటితో జారే డెకాల్ మూడు పొరలుగా ఉంటుంది. అడుగున కాగితం, దానిపై నీటిలో కరిగే జిగురు, ఆపైన పలుచని పారదర్శక పొర. ముద్రణ ఈ పై పొర మీద జరుగుతుంది. నీటిలో నానినప్పుడు జిగురు కరిగి, ముద్రణతో పాటు పై పొర మాత్రమే జారి పెట్టెపైకి వస్తుంది.

ఇంక్‌జెట్, లేజరు ముద్రణ యంత్రాలకు వేర్వేరు డెకాల్ కాగితాలు ఉంటాయి. ఇంక్‌జెట్ కాగితాన్ని లేజరు యంత్రంలో పెట్టరాదు. లోపలి వేడికి పై పొర కరిగి యంత్రం పాడయ్యే ప్రమాదం ఉంది. ఇంక్‌జెట్ సిరా నీటిలో కరుగుతుంది కనుక ముద్రించిన తరువాత రెండు మూడు పలుచని వార్నిషు పూతలు తప్పనిసరి. లేజరు టోనరు ప్లాస్టిక్ పొడి కనుక నీటికి చెదరదు.

అంటించే క్రమం:

1. బొమ్మను అంచుకు వీలైనంత దగ్గరగా కత్తిరించాలి.
2. గోరువెచ్చని నీటిలో కొన్ని సెకన్లు ఉంచి తీసి, తడి గుడ్డపై ఒక నిమిషం ఆగాలి.
3. పెట్టెపై ఆ చోటును తడిపి, కాగితం మీద నుండి పొరను కుంచెతో జార్చాలి.
4. స్థానం సరిచేసి, మధ్య నుండి అంచులకు నీటిని మెల్లగా అద్దాలి.
5. పొరను మెత్తబరిచే ద్రావణం వేస్తే అది పెట్టె ఉబ్బెత్తు గీతలకు, మేకుల తలలకు అతుక్కుంటుంది. ఆ సమయంలో దానిని తాకరాదు.
6. ఒక రోజు ఆరాక మెరుపు లేని వార్నిషుతో మొత్తం పెట్టెను కప్పాలి.

తెలుపు, పసుపు అక్షరాల సమస్య

సాధారణ ముద్రణ యంత్రాలలో తెలుపు సిరా ఉండదు. కాగితం తెలుపునే అవి తెలుపుగా చూపుతాయి. పారదర్శక కాగితంపై తెల్లని అక్షరం ముద్రిస్తే ఏమీ రాదు. పసుపు సిరా కూడా పారదర్శకమైనదే. నీలం పెట్టెపై పసుపు అక్షరాన్ని అంటిస్తే అది ఆకుపచ్చగా కనబడుతుంది. నీలం పెట్టెల రాతలు పసుపు రంగులోనే ఉండటం వలన భారతీయ నమూనాలకు ఇది అతి పెద్ద ఆటంకం. దీనికి వాడుకలో ఉన్న పరిష్కారాలు:

* తెల్లని డెకాల్ కాగితం వాడి, అక్షరం చుట్టూ పెట్టె రంగునే ముద్రించడం. రెండు నీలాలూ సరిపోలడం కష్టం. అందుకని పెట్టె కొనలు, కిటికీల మధ్య పట్టీల వంటి సహజమైన హద్దుల వరకు డెకాల్‌ను విస్తరింపజేస్తారు.
* తెలుపు టోనరు గల లేజరు యంత్రంపై ముద్రించడం. పసుపు కింద తెలుపు పరిస్తే రంగు మారదు.
* పూర్వం ఆల్ప్స్ అనే జపాను సంస్థ యంత్రాలు తెలుపును, లోహపు రంగులను ముద్రించేవి. వాటి తయారీ నిలిచిపోయింది.
* మొదట పెట్టెకు పసుపు వేసి, అక్షరాల ఆకారంలో ముసుగు అంటించి, పైన నీలం చిమ్మి, ముసుగు తీయడం. ఇది పెద్ద అక్షరాలకే వీలవుతుంది.

తెలుగు అక్షరాలు

అసలు పెట్టెపై 100 మి.మీ. ఎత్తు గల అక్షరం హెచ్ఓ స్కేలులో 1.15 మి.మీ. అవుతుంది. అంగుళానికి 600 చుక్కలు వేసే లేజరు యంత్రంలో ఒక చుక్క 0.042 మి.మీ. కనుక అక్షరం మొత్తం ఎత్తుకు 27 చుక్కలు మాత్రమే దక్కుతాయి. ఆంగ్ల పెద్ద అక్షరానికి ఇది సరిపోతుంది. తెలుగులో పైన గుడి లేదా తలకట్టు, మధ్యన అక్షరం, కింద వత్తు అన్నీ ఈ 27 చుక్కలలోనే ఇమడాలి. "స్లీ" వంటి అక్షరంలో ఒక్కో అంతస్తుకు తొమ్మిది చుక్కలే మిగులుతాయి. సున్నాల లోపలి ఖాళీలు పూడిపోయి అక్షరం నల్లని మచ్చగా మారుతుంది. దీనికి సన్నని గీతలు గల ఫాంటును ఎంచుకోవడం, అక్షరాల మధ్య ఎడం పెంచడం, 1200 చుక్కల యంత్రాన్ని వాడటం ఉపాయాలు. తెలుగు రాత చదవడానికి రాకపోతే దానిని తీసివేసి ఆంగ్లం, హిందీ మాత్రమే ఉంచేవారున్నారు. అయితే దక్షిణ మధ్య రైల్వే పెట్టెకు గల స్థానిక గుర్తింపు దానితోనే పోతుంది.

మరొక చిక్కు ఫాంట్లది. తెలుగు డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్ల వంటి పాత పద్ధతి ఫాంట్లు విస్తారంగా వాడారు. ఇంట్లో యూనికోడ్‌లో కూర్చిన పాఠ్యం మరొక కంప్యూటరులో తెరిచినప్పుడు వత్తులు విడిపోవచ్చు, ఫాంటు మారిపోవచ్చు. అందువలన పాఠ్యాన్ని గీతలుగా మార్చి పీడీఎఫ్‌గా భద్రపరచి ఇవ్వాలి. ముద్రించేటప్పుడు "పేజీకి సరిపోయేలా" అనే ఎంపికను తొలగించమని చెప్పాలి. లేకుంటే నిష్పత్తి నాలుగైదు శాతం తగ్గి, చారలు కిటికీలకు అమరవు. ఫైలులో ఒక మూల 100 మి.మీ. గీత గీసి ఉంచితే స్కేలుతో సరిచూసుకోవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్

ఈ రెండు ప్రాంతాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి వెంట ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రధాన రైల్వే స్టేషను లేదు. దగ్గరలో మలక్‌పేట, కాచిగూడ స్టేషన్లు ఉన్నాయి. మెట్రో ఎరుపు మార్గంలో అమీర్‌పేట - ఎల్బీనగర్ భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. మలక్‌పేట తరువాత న్యూ మార్కెట్, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు దాటి మార్గం ఎల్బీనగర్‌తో ముగుస్తుంది.

మెట్రో రైళ్ళను కొరియాకు చెందిన హ్యుందాయ్ రోటెమ్ సంస్థ తయారు చేసింది. మూడేసి పెట్టెల రైళ్ళు 57, అంటే మొత్తం 171 పెట్టెలు వచ్చాయి. నమూనా చేసేవారికి మూడు పెట్టెల రైలు సౌకర్యమైనది. ఇరవై పెట్టెల ఎక్స్‌ప్రెస్ రైలు హెచ్ఓ స్కేలులో ఐదు మీటర్లు దాటుతుంది. మెట్రో రైలు ఒక బల్లపై ఇముడుతుంది.

గమనించవలసిన అంశాలు:

* ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనేవి మార్గాల పేర్లు మాత్రమే. ఎల్బీనగర్ వైపు వెళ్ళే రైలుకు ఎరుపు రంగు వేయడం తప్పు.
* మార్గమంతా స్తంభాలపై వంతెన మీద ఉంది. వీధి నుండి చూస్తే పెట్టె అడుగుభాగం, పైకప్పు కనబడవు. ఫొటోలు సేకరించేటప్పుడు ఈ లోటును దృష్టిలో ఉంచుకోవాలి.
* కొన్ని రైళ్ళను వాణిజ్య ప్రకటనల వినైల్ పొరలతో కప్పారు. అటువంటి రైలును నమూనాగా చేస్తే అది కొద్ది నెలల కాలానికే పరిమితమైన రూపం. కనుక ఫొటో తీసిన తేదీ రాసి పెట్టుకోవాలి.

వాహనాల నంబరు పలకలకు, ఆటోలకు "రేడియం స్టిక్కర్లు" కత్తిరించే దుకాణాలు, విద్యార్థుల కోసం నడిచే జిరాక్స్, డీటీపీ కేంద్రాలు ఇటువంటి ప్రాంతాలలో సాధారణం. ఈ రెండు వృత్తులూ నమూనా పనికి ఉపకరిస్తాయి. రేడియం స్టిక్కరును నేరుగా పెట్టెపై అంటించడం మంచిది కాదు. దాని మందం 0.08 మి.మీ. అనుకున్నా, అసలు పెట్టెపై అది 7 మి.మీ. మందపు పలకతో సమానం. కాని అదే వినైల్‌ను యంత్రంపై కత్తిరించి ముసుగుగా వాడితే చారలు, వాలుగీతలు ఎంతో శుభ్రంగా వస్తాయి. చిన్న అక్షరాలను ఆ యంత్రం కత్తిరించలేదు. వాటికి లేజరు డెకాల్ తప్ప మార్గం లేదు.

వాతావరణం, భద్రత

ఏప్రిల్, మే నెలలలో హైదరాబాదు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో చిమ్మిన రంగు పెట్టెను చేరేలోగా ఆరిపోయి పొడిలా పడుతుంది. ఉదయం వేళ ఈ పనికి అనువైనది. వానాకాలంలో గాలిలోని తేమ వార్నిషులో చిక్కుకొని తెల్లని పొర ఏర్పడుతుంది. కనుక వాన రోజున చివరి పూత వేయరాదు.

థిన్నర్లు త్వరగా మండుతాయి, వాటి ఆవిరి హానికరం. వంటగదిలో, దీపం వద్ద, మూసిన గదిలో రంగు చిమ్మరాదు. ధూళిని ఆపే గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు వడపోత గల మాస్కు కావాలి. పిల్లలు నీటి ఆధారిత ఆక్రిలిక్ రంగులను కుంచెతో వేయడం క్షేమకరం.

ఊహాజనిత రంగులు, పాతబడిన రూపం

అసలు లేని రైల్వేను ఊహించి దానికి రంగులు, చిహ్నాలు రూపొందించడం కూడా ఈ అభిరుచిలో గుర్తింపు ఉన్న శాఖ. 1874లో వాడి - సికింద్రాబాదు మార్గంతో మొదలైన నిజాం రైల్వే వేరుగానే కొనసాగి ఉంటే దాని ఆధునిక పెట్టెలు ఎలా ఉండేవన్నది అటువంటి ఊహలకు ఒక ఉదాహరణ. ఇటువంటి నమూనాను ప్రదర్శించేటప్పుడు అది ఊహాజనితమని రాసి పెట్టడం మర్యాద.

కొత్తగా మెరిసే పెట్టె సహజంగా కనబడదు. చక్రాల చట్రంపై బ్రేకుల తుప్పు రంగు ధూళి, పైకప్పుపై మసి, తలుపుల కింద మరకలు చూపడానికి రంగు సుద్దముక్కల పొడిని మెత్తని కుంచెతో అద్దుతారు. పెట్టె సంఖ్యలను, మరమ్మతు తేదీలను ఈ ధూళి కప్పివేయకుండా చూసుకోవాలి.

ప్రాముఖ్యత

పుణెలో 1998లో ప్రారంభమైన జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం, ఢిల్లీలో 1977లో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియం వంటివి రైల్వే వారసత్వాన్ని ప్రజలకు చూపుతున్నాయి. కాని మ్యూజియంలో చోటు దక్కేది కొద్ది పెట్టెలకే. ప్రతి రోజూ లక్షలాది మందిని మోసిన సాధారణ స్లీపరు పెట్టె, దానిపై పసుపు అక్షరాలలో రాసిన తెలుగు ఊళ్ళ పేర్లు మరమ్మతులో ఒక్క పూతతో చెరిగిపోతాయి. కచ్చితమైన రంగు, సరైన సంఖ్య, తేదీతో చేసిన నమూనా అటువంటి పెట్టెకు మిగిలే కొద్దిపాటి ఆధారాలలో ఒకటి అవుతుంది.

ఇవి కూడా చూడండి

* హైదరాబాదు మెట్రో
* దక్షిణ మధ్య రైల్వే
* ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ
* దిల్‌సుఖ్‌నగర్
* ఎల్బీనగర్
* నిజాం రైల్వే